నడిసంద్రంలో కావలివాడు

హైదరాబాద్‌కి సముద్రం లేదు. ఎంత దగ్గరి దారిన వెళ్లినా ఉప్పునీళ్లు కంటపడాలంటే రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా పోవాల్సిందే. అయినా మన దేశం చుట్టూ ఉన్న సముద్రాలకు రేయింబవళ్లు కాపలా కాసే ఆఫీసు మాత్రం ఈ నగర శివార్లలో, ప్రగతినగర్‌లో ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం దాని పేరు. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు, అందరూ ‘ఇన్‌కాయిస్‌’ అనేస్తారు. 1999లో పెట్టారు. ఏ విశాఖలోనో కాకినాడలోనో ఉండాల్సింది ఇక్కడెందుకుందీ అనిపిస్తుంది మనకి. సమాచారం వచ్చేది ఉపగ్రహాల నుంచి, పోయేది ఫోన్లలో, కంప్యూటర్లలో. మధ్యన కూర్చున్నవాళ్లకి కెరటాల చప్పుడు వినబడాల్సిన పనిలేదు. పైగా సునామీ కబురు చెప్పాల్సిన ఆఫీసు ఒడ్డునే ఉంటే ఎలా!

ఇన్‌కాయిస్‌ సంగతి అలా ఉంచి, దానికి కబుర్లు మోసుకొచ్చే పరికరాల కథ చూద్దాం. నడిసముద్రంలో లంగరేసి వదిలిన బోయాలు, అడుగున కూర్చుని నీటి బరువును తూచే యంత్రాలు, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతూ కొలతలు తీసే గొట్టాలు... ఇవన్నీ కలిస్తే సముద్ర పరిశీలనా వ్యవస్థ. కోట్ల రూపాయల వ్యవహారం. మరి దీన్ని ఎవరి కోసం కట్టాలి? శాస్త్రవేత్త కోసమా, జాలరి కోసమా, కలెక్టర్‌ కోసమా? ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. శాస్త్రవేత్తకు ఇరవై ముప్ఫై ఏళ్లపాటు మధ్యలో తెగకుండా వచ్చే లెక్కలు కావాలి. జాలరికి రేపు తెల్లారుజామున పడవ ఎటు తిప్పాలో తెలియాలి. కలెక్టర్‌కి ఊళ్లు ఖాళీ చేయించాలా వద్దా అన్నదానికి ఒక్కముక్కలో జవాబు కావాలి, అదీ నిమిషాల్లో. ఒకే బోయా ఈ ముగ్గురికీ పని చేసిపెట్టాలి. అక్కడే ఉంది అసలు చిక్కంతా.

ఆ రెండు గంటలు

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరూ ఇరవైతొమ్మిదికి సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అల మన కోస్తాను చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది. రెండు గంటలంటే తక్కువ సమయమా? విజయవాడ నుంచి రైలెక్కినవాళ్లు రాజమండ్రి దాకా వెళ్లిపోతారు. తీరం వెంబడి ఉన్న పల్లెల్లో జనం కిలోమీటరు వెనక్కి నడిచినా ఎన్నో ప్రాణాలు దక్కేవి. కానీ చెప్పేవాళ్లేరీ? పసిఫిక్‌ మహాసముద్రానికి 1949 నుంచే సునామీ హెచ్చరికల కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రానికి లేదు. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా పోయారు. మన రాష్ట్రంలోనూ వందమంది దాకా చనిపోయారు. ఆరోజు పౌర్ణమి. సముద్రస్నానానికని మంగినపూడి బీచ్‌కి వెళ్లినవాళ్లలో కొందరు ఇంటికి తిరిగి రాలేదు.

సునామీతో పెద్ద ఇబ్బంది ఏంటంటే, నడిసముద్రంలో అది కంటికి ఆనదు. నీళ్లు నాలుగు వేల మీటర్ల లోతున్న చోట గంటకు ఏడొందల కిలోమీటర్ల వేగంతో పోతుంది. విమానమంత వేగం అన్నమాట! ఎత్తు మాత్రం మోకాలి దాకా ఉంటే ఎక్కువ. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు ‘జేసన్‌-1’ అనే ఉపగ్రహం అనుకోకుండా ఆ దారిన వెళ్లింది. అది కొలిచిన అల ఎత్తు దాదాపు అరవై సెంటీమీటర్లే. ఆ కొలతలు విడదీసి చూసుకునేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఓడలో ఉన్నవాడి కింద నుంచి సునామీ వెళ్లిపోయినా తెలియదు. తీరం దగ్గరికొచ్చాక లోతు తగ్గి, వేగం తగ్గి, వెనకనుంచి వచ్చే నీళ్లన్నీ ముందున్నవాటి మీద పడి పోగవుతాయి. అప్పుడు లేస్తుంది గోడ.

మరి నడిసముద్రంలో దాన్ని పట్టుకునేదెలా? పైనుంచి చూస్తే దొరకదు కాబట్టి కిందనుంచి తూస్తారు. సముద్రం అడుగున ఒక పీడన యంత్రాన్ని కూర్చోబెడతారు. దాని తల మీద ఐదారు వేల మీటర్ల నీళ్లుంటాయి. ఆ నీటిమట్టం ఒక్క సెంటీమీటరు పెరిగినా బరువులో తేడాని పసిగడుతుంది. మామూలు గాలి కెరటాలు పైపైనే ఆడతాయి, అంత లోతుకి వాటి అలికిడి పోదు. పోటూ పాటూ ఎప్పుడెంతో దానికి ముందే తెలుసు. ఆ లెక్కకు మించి తేడా వస్తే వెంటనే మేలుకుంటుంది. మామూలు రోజుల్లో పావుగంటకొక కొలత లెక్కన పంపేది కాస్తా నిమిషానికోసారి పంపడం మొదలుపెడుతుంది. నీటిలో రేడియో తరంగాలు పోవు కాబట్టి శబ్దం రూపంలో పైకి అరుస్తుంది. పైన తేలుతున్న బోయా ఆ అరుపు విని ఉపగ్రహానికి అందిస్తుంది. అక్కడినుంచి ప్రగతినగర్‌కి!

భూకంపం వచ్చిందని తెలియడానికి ఇంత హంగామా అక్కర్లేదు, భూమి మీది యంత్రాలే నిమిషాల్లో చెప్పేస్తాయి. అయితే పెద్ద భూకంపాలన్నీ సునామీలు తేవు. 1986 మే నెలలో అల్యూషన్‌ దీవుల దగ్గర భూకంపం వస్తే హవాయిలో జనాన్ని ఖాళీ చేయించారు. తీరా చూస్తే వచ్చింది చిన్న అల. వ్యాపారాలు మూతబడి, పనులాగిపోయి అయిన నష్టం మూడు కోట్ల డాలర్లకు పైనేనని లెక్కతేల్చారు. 2003 నవంబరులో మళ్లీ అదే వైపు భూకంపం. ఈసారి సముద్రం అడుగున యంత్రాలున్నాయి. అల చిన్నదేనని అవి చెప్పడంతో హెచ్చరిక ఎత్తేశారు, జనం ఇళ్లలోనే ఉన్నారు. ప్రమాదం ఉందని చెప్పడం ఎంత ముఖ్యమో లేదని చెప్పడమూ అంతే ముఖ్యం. రెండుసార్లు ఉత్తినే పరిగెత్తించి చూడండి... మూడోసారి నిజంగా వచ్చినా ఎవరూ కదలరు.

మన సునామీ హెచ్చరికల కేంద్రం 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో మొదలైంది. దానికి గట్టి పరీక్ష 2012 ఏప్రిల్‌ 11న ఎదురైంది. మళ్లీ సుమత్రా వైపే, 8.6 తీవ్రత. చెన్నైలో జనం ఆఫీసుల్లోంచి రోడ్ల మీదికి వచ్చేశారు. 2004 అందరికీ కళ్లముందు మెదిలింది. కానీ ఆ భూకంపంలో పలకలు పక్కకు జరిగాయి తప్ప పైకి లేవలేదు. నీళ్లను ఎత్తి కుదిపేది పైకి లేచే కదలికే. తీరాలకు చేరినవి చిన్నపాటి అలలే. ఇలాంటి రోజున కంగారుపడకుండా ఆగగలగాలంటే సముద్రం మధ్యనుంచి ఎవరో ఒకరు ‘ఇక్కడ నీళ్లు లేవలేదు’ అని చెప్పాలి.

చేపలు మెచ్చిన చోటు

ఇంత పనిచేసే బోయాకి పెద్ద శత్రువు ఎవరనుకుంటున్నారు? తుపాను కాదు, తుప్పూ కాదు. మనిషే!

దీన్ని దొంగతనం అని ఒక్కమాటలో కొట్టిపారేయకండి. బోయాను నీళ్లలో వదిలిన కొన్నాళ్లకి దాని అడుగున, లంగరు తాడుకి పాచి పడుతుంది, గుల్లలు అంటుకుంటాయి. వాటికోసం చిన్న చేపలొస్తాయి. వాటికోసం పెద్ద చేపలొస్తాయి. దిగంతం దాకా ఏమీ లేని నీళ్లలో ఆ కాస్త నీడే వాటికి ఊరూ వాడా అవుతుంది. ఫిలిప్పీన్స్‌, ఇండోనేషియాల్లో జాలర్లు కావాలనే వెదురు తెప్పలు లంగరేసి చేపల్ని ఇలా పోగుచేస్తారు. అలాంటిది ప్రభుత్వమే ఒకటి కట్టిపెడితే వదులుకుంటారా! పడవను బోయాకే కట్టేసి వల వేస్తారు. వల వెళ్లి లంగరు తాడుకి చుట్టుకుంటుంది. వలైనా తెగాలి, తాడైనా తెగాలి. జాలరికి తన వల ఖరీదు తెలుసు. తాడు తెగితే బోయా ఎటో కొట్టుకుపోతుంది. ఇక సోలార్‌ పలకలు, బ్యాటరీలు విప్పుకుపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లని వెనకేసుకురావాల్సిన పనిలేదు.

మన బోయాల్ని చూసుకునేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. దాని ఓడ బయల్దేరి, రోజుల తరబడి ప్రయాణించి, పాత బోయాను పైకి లాగి కొత్తది దించి రావాలి. మళ్లీ దాన్ని ఎవరో తెంపితే ఆ చోటినుంచి వచ్చే కబురు నెలల తరబడి బంద్‌. ఇది మన ఒక్కరి బాధ కాదు. రుతుపవనాల్ని కనిపెట్టడానికి 2004 నుంచి హిందూ మహాసముద్రంలో కొన్ని దేశాలు కలిసి ‘రామా’ పేరుతో బోయాల వరస ఒకటి కడుతూ వచ్చాయి. (పేరు చూసి మనవాళ్లే పెట్టారనుకునేరు, అది ఇంగ్లిషు పొడి అక్షరాల కూర్పు!) దానికీ ఇదే పోరు. విసిగిపోయిన అమెరికా ఇంజినీర్లు కొత్తరకం బోయా చేశారు. పైన స్తంభం ఉండదు, పట్టుకోవడానికి ఊచ ఉండదు, పడవ కట్టడానికి కొక్కెం ఉండదు. నున్నటి శంఖువు తలకిందులు కాకుండా నిలబెట్టినట్టుంటుంది. మనిషి ఎక్కలేడు. అయితే గాలి కొలిచే పరికరం ఎత్తున పెట్టే వీలూ పోయింది. అంటే శాస్త్రానికి కావాల్సిందాన్లో కాస్త వదులుకుని, మిగతాది దక్కించుకున్నారు.

నాకైతే ఎక్కలేని బోయా కంటే ఎక్కాలనిపించని బోయా మేలనిపిస్తుంది. అంటే అది పనిచేస్తే తనకేంటి లాభమో జాలరికి తెలియాలి. లాభం లేకపోతే కదా! ఆ బోయా కొలిచే గాలీ కెరటాల లెక్కలే ‘రేపు వేటకు వెళ్లొద్దు’ అనే హెచ్చరికకు ఆధారం. ఈ ముక్క హార్బర్‌కి వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి కావాలి. చెన్నై సంస్థవాళ్లు మత్స్యకారుల ఊళ్లకు వెళ్లి చెబుతున్నారు. ఆ పనికి పెట్టే ఖర్చును బోయా ఖరీదులో భాగంగానే లెక్కేయాలి తప్ప, డబ్బులు మిగిలితే చేసే ప్రచారంలా చూడకూడదు.

వంజరం ఎక్కడుందో...

జాలరికి నేరుగా అందే సేవ ఒకటుంది. చేపలు దొరికే చోట్ల సమాచారం. ఉపగ్రహాలు చేపల్ని చూడలేవు. నీటి పైపొర వేడినీ, ఆకుపచ్చ రంగునీ చూస్తాయి. వేడినీళ్లూ చల్లనీళ్లూ ఒరుసుకునే గీతల వెంబడి కంటికి కనిపించని నాచు దండిగా పెరుగుతుంది. దాన్ని తినేవీ, వాటిని తినేవీ అక్కడికి చేరతాయి. ఆ గీతలు ఎక్కడున్నాయో పట్టి, ఫలానా ఒడ్డునుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు అని తెలుగు సహా తీరప్రాంత భాషల్లో పంపుతారు. మబ్బులు పడితే ఉపగ్రహానికి కనబడదు. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా తూర్పుతీరంలో వేట నిషేధం కాబట్టి అప్పుడు ఇవ్వరు. చేపల కోసం వెతుక్కునే సమయం దీనివల్ల 30 నుంచి 70 శాతం తగ్గుతుందని ఇన్‌కాయిస్‌ చెబుతుంది. మరబోటుకి వెతుకులాట తగ్గడమంటే డీజిల్‌ మిగలడమే. అందరికీ ఒకే చోటు చెబితే అందరూ అక్కడికే పోయి ఊడ్చేయరా అన్న అనుమానం నాకుంది. నిషేధం రోజులు గట్టిగా పాటించడం తప్ప దానికి వేరే మందు కనబడదు.

2017 నవంబరు నెలాఖరులో ‘ఓఖీ’ తుపాను లేచినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లు చాలామంది అప్పటికే నడిసముద్రంలో ఉన్నారు. ఒడ్డు వదిలాక కొద్ది దూరానికే సెల్‌ఫోన్‌ మూగబోతుంది. హెచ్చరిక ఆఫీసుల్లో ఉంది, మనుషులు నీళ్ల మీద ఉన్నారు. వందలమంది తిరిగి రాలేదు. ఆ దెబ్బ తర్వాత 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే చిన్న పరికరం తెచ్చారు. ఉపగ్రహం నుంచి వచ్చే హెచ్చరికను పట్టుకుని, జాలరి జేబులోని సెల్‌ఫోన్‌కి తన భాషలో అందిస్తుంది. బాగానే ఉంది. కానీ అది వింటుంది, మాట్లాడదు. మునిగిపోతున్నవాడు ‘నేనిక్కడున్నాను’ అని చెప్పే దారి అందులో లేదు. పడవ ఎక్కే మనిషిని ముందే అడిగి ఉంటే మొట్టమొదట కోరేది అదే కదా. 2024 ఆగస్టులో లక్ష పడవలకు రెండువైపులా సందేశాలు నడిచే ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం ప్రారంభమైంది.

జాలరికి చెప్పడమే కాదు, జాలరి చెప్పింది వినడమూ ఉంది. గాలీ వానా లేకుండా, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి సముద్రం ఊళ్లోకి వస్తే కేరళ మత్స్యకారులు ‘కళ్లక్కడల్‌’ అంటారు. దొంగ సముద్రం అని అర్థం. దూరాన దక్షిణ మహాసముద్రంలో రేగిన తుపాన్ల ఉబ్బు కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరం చేరడమే దాని వెనక కథ. 2012లో ఆ మాటనే యునెస్కో శాస్త్రీయ వాడుకకు తీసుకుంది. ఇప్పుడు ఇన్‌కాయిస్‌ ముందుగానే ఆ హెచ్చరికలిస్తోంది, అదే పేరుతో.

పాత లెక్కల విలువ

ఇక శాస్త్రవేత్తల వాటా. ప్రపంచమంతా కలిపి దాదాపు నాలుగు వేల ‘ఆర్గో’ గొట్టాలు సముద్రాల్లో తిరుగుతున్నాయి. ఒక్కోటి మనిషంత ఉంటుంది. వెయ్యి మీటర్ల లోతున పది రోజుల దాకా కొట్టుకుపోయి, తర్వాత రెండు వేల మీటర్లకు దిగి, వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తూ పైకి వచ్చి, ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. ఆ లెక్కలు ఒక్కరోజులోపే ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన దేశం వదిలినవాటి లెక్కలు ఇన్‌కాయిస్‌ చూస్తుంది.

దీనివల్ల మనకేంటీ అంటారా? మన బంగాళాఖాతం మహా విచిత్రమైంది. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ... అన్నీ అందులోకే. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద పరుపులా పరుచుకుంటాయి. మామూలు సముద్రం మీద తుపాను వెళ్తే గాలి నీళ్లను చిలికి, అడుగు చల్లదనాన్ని పైకి తెచ్చి తుపాను బలాన్ని తానే కాస్త లాగేస్తుంది. ఇక్కడ ఆ పరుపు అడ్డుపడి చల్లనీళ్లను అంత తేలిగ్గా పైకి రానివ్వదు. వర్షాకాలం అయ్యాక వచ్చే తుపాన్లు మనల్ని ఎందుకంత పీడిస్తాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టనపెట్టుకుంది. ఈ పరుపు మందం ఉపగ్రహానికి కనబడదు. నీళ్లలో దిగినవాడే చెప్పాలి.

ఇలాంటి లెక్కలు ఏళ్ల తరబడి రావాలి. ప్రభుత్వాలకు ఆ ఓపిక ఉండదు. పసిఫిక్‌లో 1982-83 ఎల్‌నినో ఎవరూ గుర్తుపట్టకుండానే ముదిరిపోయింది. ఆ చేదు అనుభవంతో డెబ్బై బోయాల వరసను 1994కల్లా పూర్తిచేశారు. 1997-98 ఎల్‌నినోను అడుగడుగునా చూడగలిగారు. ఆ తర్వాత? ఖర్చు తగ్గించుకోవడానికి 2012లో వాటిని బాగుచేసే ఓడను పక్కన పెట్టేశారు. రెండేళ్లు తిరిగేసరికి రావాల్సిన లెక్కల్లో నలభై శాతమే వచ్చే స్థితి. అదీ అమెరికాలో! కొత్త బోయాకి రిబ్బన్‌ కత్తిరించడానికి మంత్రులు దొరుకుతారు, పాత బోయాకి బ్యాటరీ మార్చడానికి డబ్బులు దొరకవు.

ఇండోనేషియా 2004 తర్వాత సునామీ బోయాలు వేసింది. 2018 సెప్టెంబరు 28న పాలూ నగరాన్ని సునామీ తాకాక అక్కడి అధికారులే చెప్పారు, 2012 నుంచి ఒక్కటీ పనిచేయడం లేదని. కొన్నిటిని జనం పాడుచేశారు, మిగతావాటికి నిర్వహణ డబ్బుల్లేవు. నిజానికి పాలూలో అల నిమిషాల్లోనే వచ్చేసింది, బోయాలున్నా పెద్దగా ఒరిగేది లేదు. అదే ఏడాది డిసెంబరు 22న అనక్‌ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సముద్రంలో పడింది. భూకంపమే లేదు కాబట్టి హెచ్చరికా లేదు. నాలుగు వందల మందికి పైగా పోయారు. 2011 తర్వాత జపాన్‌ చేసింది వేరు. సముద్రం అడుగున కేబుల్‌ పరిచి, దాని వెంబడి 150 చోట్ల యంత్రాలు పెట్టేసింది. పైన బోయా లేదు, తెంపేవాడు లేడు. అంత ఖర్చు అందరి వల్లా కాదనుకోండి.

కాబట్టి చివరి కిలోమీటరు యంత్రంతో గడిచేది కాదు. ఒడిశాలో గంజాం జిల్లా వెంకట్రాయిపూర్‌, జగత్‌సింగ్‌పూర్‌ జిల్లా నోలియాసాహి అనే రెండు ఊళ్లను 2020లో యునెస్కో ‘సునామీకి సిద్ధం’గా గుర్తించింది. హిందూ మహాసముద్ర తీరంలో అలాంటివి అవే మొదటివి. (తెలుగు మూలాలున్న మత్స్యకారుల్ని ఒడిశావాళ్లు నోలియాలంటారు.) ఆ ఊళ్లలో చేసిందేంటంటే... నీళ్లు ఎక్కడి దాకా రావచ్చో పటం గీశారు. ఎటు పరిగెత్తాలో బాణం గుర్తులు పెట్టారు. అర్ధరాత్రి కబురొస్తే ఎవరు అందుకోవాలి, ముసలివాళ్లను ఎవరు మోయాలి అన్నది ముందే అనుకున్నారు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలేరుకోవడానికి వెళ్లకుండా ఊళ్లోకి పరిగెత్తాలనీ, మొదటి అల వెళ్లిపోయాక సామాను కోసం వెనక్కి రాకూడదనీ పిల్లలకు నేర్పి, ఏటా సాధన చేయిస్తున్నారు. ఆ గుర్తింపు శాశ్వతం కాదు. గడువు తీరాక మళ్లీ పరీక్షకు నిలబడాలి. 2024లో ఒడిశా నుంచే మరో ఇరవై నాలుగు ఊళ్లు ఆ జాబితాలో చేరాయి.